పీఆర్ వారం నుంచి పడి ఉంది, తీరా వచ్చిన కామెంట్లన్నీ పేర్ల మీదే

లేట్_లంచ్
మాదాపూర్‌లో చిన్న కంపెనీ. డయాగ్నస్టిక్ సెంటర్లకి అపాయింట్‌మెంట్ వెబ్‌సైట్ చేస్తాం. రక్తపరీక్షకి పొద్దున స్లాట్ బుక్ చేసుకోవడం, డబ్బు కట్టడం, రిపోర్టు డౌన్‌లోడ్ చేసుకోవడం, అంతే. ముందు స్క్రీన్లకి రియాక్ట్, వెనక సర్వర్‌కి నోడ్, డేటాబేస్‌కి పోస్ట్‌గ్రెస్. స్లాట్ బుకింగ్ భాగం మొత్తం తిరగరాసి పుల్ రిక్వెస్ట్ (పీఆర్, అంటే నా మార్పులు చూసి అసలు కోడ్‌లో కలపమని అడగడం) పెట్టాను. 1,400 లైన్లు. వారం దాటినా ఎవరూ ముట్టుకోలేదు. రోజూ స్టాండప్‌లో "రివ్యూ పెండింగ్" అని నేను చెప్పడం, అందరూ తలూపడం. నిన్న మా లీడ్ గారు తెరిచారు. ముప్ఫై పైచిలుకు కామెంట్లు. ఈ వేరియబుల్ పేరు బాలేదు, ఇక్కడ ఖాళీ లైన్ ఎందుకు, ఈ ఫంక్షన్ వేరే ఫైల్లో పెట్టు. లాజిక్ గురించి ఒక్క ముక్క లేదు. శుక్రవారం రిలీజ్ అంటున్నారు. మీ ఆఫీసుల్లో కూడా ఇంతేనా, లేక మా దగ్గరే ఇంత ఘోరమా?

కొండాపూర్_కర్రీపాయింట్
1,400 లైన్లు పెట్టి ఎవరూ చూడలేదంటే ఎలా బాబూ. మా దగ్గరైతే "బాగుంది" అని ఒక్క ముక్క రాసి అప్రూవ్ కొట్టేసేవాళ్లు. నీకు ముప్ఫై కామెంట్లయినా వచ్చాయి.

సెమీకోలన్
పేర్ల మీద కామెంట్ అని తీసిపారేయకండి. ఆర్నెల్ల తర్వాత ఆ ఫైలు తెరిచేది ఇంకెవరో. "డేటా2" అని పేరు పెట్టిన మనిషి అప్పటికి గచ్చిబౌలిలో వేరే కంపెనీలో ఉంటాడు.

లేట్_లంచ్
డేటా2 అని పెట్టలేదండీ. "అవైలబుల్ స్లాట్స్" అని పెడితే "ఓపెన్ స్లాట్స్" చెయ్యమన్నారు.

సెమీకోలన్
ఓహో. అది చాదస్తమే.

పాతబస్తీ_పైథాన్
భయ్యా, ఖాళీ లైన్లు, కామాలు, కొటేషన్ మార్కుల గురించి ఒక మనిషి కూర్చుని కామెంట్ రాస్తున్నాడంటే మీ ప్రాజెక్టులో ప్రెటియర్, ఈఎస్‌లింట్ లాంటి కోడ్ సర్దే టూల్స్ పెట్టలేదని అర్థం. కమిట్ చేసేటప్పుడే, అంటే మార్పుల్ని గిట్‌లో భద్రపరిచేటప్పుడే, అవి సరిచేసేస్తాయి. ఒక పూట పని. ఆ తర్వాత ఆ గొడవే ఉండదు. ఒక్కటి గుర్తుపెట్టుకో: పాత కోడ్ మొత్తాన్ని ఫార్మాట్ చేసేది వేరే కమిట్‌గా పెట్టు, నీ మార్పుల్లో కలపకు. గిట్ 2.23 నుంచి అలాంటి కమిట్‌ని బ్లేమ్‌లో పట్టించుకోవద్దని చెప్పుకోవచ్చు. లేకపోతే రేపు ఏ లైన్ ఎవరు రాశారని చూస్తే అన్నిటికీ నీ పేరే వస్తుంది.

మియాపూర్_టు_రాయదుర్గం
మా టీంలో ఆ ఫార్మాటింగ్ కమిట్ చేసినవాడికి మూడేళ్లుగా ప్రతి బగ్గుకీ ఫోన్లు వస్తూనే ఉన్నాయి. పాపం.

డీబీ_తాత
ఇదేం కొత్త బాధ కాదు. 1976లో ఐబీఎంలో మైకేల్ ఫాగన్ కోడ్ ఇన్‌స్పెక్షన్ గురించి రాశాడు. అప్పట్లో అందరూ ముందే చదువుకుని వచ్చి, ఒక గదిలో కూర్చుని లైన్ లైన్ చూసేవాళ్లు. ఆ పద్ధతిలో కూడా ఒక కూర్చోటంలో ఎంత చదవాలనేదానికి లెక్క ఉండేది. తర్వాత స్మార్ట్‌బేర్ అనే కంపెనీ వాళ్లు సిస్కోలో రివ్యూలని గమనించి తేల్చింది కూడా అదే: ఒకసారికి 200 నుంచి 400 లైన్లు దాటితే కళ్లు కోడ్ మీద ఉంటాయి గానీ తప్పులు దొరకవు. నీ లీడ్ 1,400 లైన్లు చూసి ఏం చేయగలడు? పైపైన కనిపించేవి పట్టుకున్నాడు. పేర్లు పైపైనే కనిపిస్తాయి. బుకింగ్ సరిగ్గా జరుగుతుందో లేదో కనిపించాలంటే నాలుగు ఫైళ్లు పక్కపక్కన పెట్టుకుని ఒక గంట కూర్చోవాలి.

అలాగని ఆయన్ని వదిలేయనక్కర్లేదు. వారం పట్టుకుని కూర్చోవడం తప్పే. గూగుల్ వాళ్లు బయటపెట్టిన రివ్యూ నియమాల్లో, రివ్యూ అడిగితే ఎక్కువలో ఎక్కువ ఒక పనిరోజులో స్పందించాలని ఉంది. పూర్తిగా చూడమని కాదు, కనీసం "రేపు మధ్యాహ్నం చూస్తా" అని చెప్పమని.

డల్లాస్_నైట్స్
ఒక పనిరోజు అంటే ఎవరి పనిరోజు తాతా? మా రివ్యూయర్లు డల్లాస్‌లో. ఇక్కడ సాయంత్రం ఆరయితే ఎండాకాలంలో అక్కడ పొద్దున ఏడున్నర. నేను కామెంట్‌కి జవాబు రాసి పడుకుంటే, ఆయన ఇంకో ప్రశ్న రాసి పడుకుంటాడు. ఒక చిన్న అనుమానం తీరడానికి మూడు రాత్రులు. చివరికి ఒక ఒప్పందానికి వచ్చాం: ఒకే విషయం మీద రెండోసారి కామెంట్ రాయాల్సి వస్తే రాయకూడదు, కాల్ చేయాలి. కాల్‌లో తేలింది పీఆర్ కింద రెండు లైన్లలో రాసిపెట్టాలి. సగం నస అక్కడే పోయింది.

కొండాపూర్_కర్రీపాయింట్
లేట్_లంచ్ వాళ్ల లీడ్ డల్లాస్‌లో లేడుగా, పక్క క్యూబికల్లోనే ఉంటాడు. కింద టీ బండి దగ్గరికి తీసుకెళ్లి అడగొచ్చు.

లేట్_లంచ్
బయోడైవర్సిటీ జంక్షన్లో వర్షం పడినప్పటి నుంచి ఆయన ఇంటి నుంచే. 🙂

క్యూఏ_అక్క
అందరూ రివ్యూయర్ చదవాలి చదవాలి అంటున్నారు. నడిపి చూడాలని ఒక్కరూ అనరేం? నేను టెస్టింగ్‌లో ఉన్నదాన్ని, నా దగ్గరికి వచ్చేవన్నీ "రివ్యూ అయిపోయిన" పీఆర్లే. ఒకటి చెప్తాను. టోకెన్ స్లిప్ మీద పేషెంట్ పేరు పట్టడం లేదని ఒకతను పేరుని పది అక్షరాలకి కత్తిరించాడు. స్లైస్, సున్నా నుంచి పది. ఒక్క లైన్ మార్పు, ఇద్దరు అప్రూవ్ చేశారు. ఇంగ్లిష్ పేర్లకి బాగానే ఉంది. నేను "వెంకటలక్ష్మి" అని కొట్టాను. స్లిప్ మీద "వెంకటలక్ష్" అని వచ్చింది. మనకి క్ష్మి ఒక్క అక్షరం. జావాస్క్రిప్ట్‌కి అందులో క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి అన్నీ విడివిడి. స్క్రీన్ మీద చూస్తే ఒక్క సెకండులో తెలిసేది, కోడ్ చదివినవాళ్లకి తెలియలేదు. ఇప్పుడు దానికి జావాస్క్రిప్ట్‌లోనే ఇంటిల్ సెగ్మెంటర్ ఉంది, అది అక్షరాలుగా విడగొడుతుంది. అది కూడా కొత్త వెర్షన్లలోనే నమ్మండి, తెలుగు ఒత్తులని కలిపే ఉంచాలన్న నియమం యూనికోడ్‌లోకి (అన్ని లిపుల అక్షరాలకీ ఉన్న ప్రమాణం) 15.1తో, అంటే 2023లో వచ్చింది.

మియాపూర్_టు_రాయదుర్గం
2018లో మన "జ్ఞా" ఐఫోన్లని పడగొట్టింది గుర్తుందా. ఒక్క అక్షరం మెసేజ్‌లో పంపితే యాప్ క్రాష్. ఐఓఎస్ 11.2.6లో సరిచేశారు. అంత పెద్ద కంపెనీ టెస్టింగ్‌లో కూడా అది దొరకలేదు.

క్యూఏ_అక్క
అదే నేను చెప్పేది. మీ రివ్యూ టెంప్లేట్‌లో "తెలుగు పేరుతో చూశారా" అని ఒక చెక్‌బాక్స్ పెట్టుకోండి.

సెమీకోలన్
చెక్‌బాక్స్ పెడితే టిక్కు కొట్టేస్తారు, చూడరు. మా టెంప్లేట్‌లో పన్నెండు చెక్‌బాక్సులు ఉన్నాయి. ఫుటర్లో సంవత్సరం మార్చిన పీఆర్‌కి కూడా "డేటాబేస్ మైగ్రేషన్ పరీక్షించాను" అని టిక్కు ఉంటుంది.

ఆన్‌కాల్_బాధితుడు
అక్క చెప్పింది నిజం, కానీ నడిపి చూసినా దొరకనివి ఉంటాయి. మాది హోటల్ గదుల సైట్. క్యాలెండర్లో 15 నొక్కితే సర్వర్‌కి 14 వెళ్లేది. బ్రౌజర్ మన టైమ్‌లో 15వ తేదీ అర్ధరాత్రి అని తీసుకుంటుంది, దాన్ని ఐఎస్‌ఓ రూపంలోకి మారిస్తే యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం, మనకంటే ఐదున్నర గంటలు వెనక) 14 సాయంత్రం 6:30. తేదీ ముక్క మాత్రం కత్తిరించి పంపారు. అంతే సంగతులు. టెస్టులు ఎందుకు పాసయ్యాయో తెలుసా? సీఐ మెషీన్ (టెస్టులు వాటంతటవే నడిచే సర్వర్) గడియారం యూటీసీలో ఉంది, అక్కడ రెండూ ఒకటే. అప్రూవ్ చేసినాయన లండన్‌లో, అది చలికాలం, అప్పుడు అక్కడ కూడా యూటీసీయే, ఆయన ల్యాప్‌టాప్‌లో కూడా సరిగ్గానే వచ్చింది. రాత్రి రెండింటికి లేపింది మాత్రం నన్ను.

అప్పటి నుంచి పీఆర్‌లో తేదీ అన్న మాట కనపడితే నేను మొదట అడిగేది ఒకటే: ఇది ఏ ఊరి తేదీ?

పాతబస్తీ_పైథాన్
సీఐలో టైమ్‌జోన్‌ని ఆసియా/కోల్‌కతా అని పెట్టి టెస్టులు ఇంకోసారి నడిపితే సరిపోయేది కదా భయ్యా.

ఆన్‌కాల్_బాధితుడు
ఇప్పుడు అలాగే నడుపుతున్నాం. న్యూయార్క్ టైమ్‌లో కూడా.

కొత్త_జాయినీ
ఒక డౌట్. నేను చేరి మూడు నెలలే. నాకు కూడా సీనియర్ల పీఆర్లు రివ్యూకి వస్తున్నాయి. తప్పు అనిపించినా రాయడానికి టెన్షన్. "సార్, ఇది ఇలా ఎందుకు" అని రాసి మళ్లీ చెరిపేస్తాను. అప్రూవ్ కొట్టేస్తే పోలా అనిపిస్తుంది.

క్యూఏ_అక్క
చెరపకు తల్లీ. అర్థం కాలేదని రాయడం తప్పు పట్టడం కాదు. "ఈ కండిషన్ ఎప్పుడు నిజమవుతుందో నాకు అర్థం కాలేదు" అని రాయి. నిజంగా మంచి సీనియర్ అయితే చెప్తాడు, లేదా చెప్పబోయి ఆ కండిషన్ ఎప్పటికీ నిజం కాదని తనే కనిపెడతాడు. నేను రెండోది చాలాసార్లు చూశాను.

సెమీకోలన్
కామెంట్ ముందు దాని బరువు కూడా రాయి. మా దగ్గర మూడు రకాలు: "ఇది మార్చాలి", "ఇది ప్రశ్న", "ఇది నా ఇష్టం, మార్చకపోయినా పర్లేదు". లేట్_లంచ్ వాళ్ల లీడ్ కామెంట్లకి ఇవి తగిలిస్తే ముప్ఫైలో ఇరవై ఎనిమిది మూడో రకంలోకి పోతాయి.

కొండాపూర్_కర్రీపాయింట్
మా మేనేజర్ రాసే కామెంట్లన్నీ నాలుగో రకం: "దీని గురించి మాట్లాడదాం". గుండె జారిపోతుంది.

కొత్త_జాయినీ
😂 ఇంకోటి. మా వాళ్లు కొందరు కోడ్ ఏఐతో రాయించి, ఏఐతోనే రివ్యూ చేయిస్తున్నారు. అది పనికొస్తుందా?

పాతబస్తీ_పైథాన్
కొంత పనికొస్తుంది. నల్ (ఖాళీ విలువ) వస్తే పడిపోతుంది, ఈ వేరియబుల్ వాడలేదు, ఇక్కడ ఎస్‌క్యూఎల్‌లో స్ట్రింగ్ అతికించావు, ఇలాంటివి బాగా పట్టుకుంటుంది. లేట్_లంచ్ వాళ్ల డయాగ్నస్టిక్ సెంటర్ ఆదివారం మధ్యాహ్నం మూసేస్తుందని దానికెలా తెలుస్తుంది? ఇంకో చిక్కు ఏంటంటే, రాసే వేగం పెరిగింది, చదివే వేగం పెరగలేదు. మొన్న ఒక తమ్ముడు పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి, రెండు భారీ పీఆర్లు పెట్టాడు. ఇందులో ఈ రీట్రై ఎందుకని అడిగితే "అది అలా ఇచ్చింది అన్నా" అన్నాడు. పీఆర్ మీద పేరు నీదే కదా, నీకే తెలియనిది నేను ఎలా అప్రూవ్ చేయను? వెనక్కి పంపాను. అలిగాడు.

డల్లాస్_నైట్స్
ఎన్ని చెప్పుకున్నా రివ్యూ అనేది కొంత నాటకమే అని నా అభిప్రాయం. హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం చూడండి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (వెబ్‌సైట్లకి ఎన్‌క్రిప్షన్ ఇచ్చే కోడ్) లాంటి ప్రాజెక్టు, రివ్యూ చేశాకే ఆ తప్పు లోపలికి వెళ్లింది. అవతలివాడు పంపిన పొడవుని సరిచూడకుండా నమ్మారు. 2012 మార్చిలో విడుదలైతే 2014 ఏప్రిల్ దాకా బయటపడలేదు. వాళ్లకే దొరకనిది మనకి శుక్రవారం సాయంత్రం దొరుకుతుందా?

డీబీ_తాత
దొరకనివాటి లెక్క చెప్పావు, దొరికినవాటి లెక్క ఎక్కడా రాసి ఉండదు. అసలు చూడకపోతే ఏమవుతుందో నైట్ క్యాపిటల్ అనే అమెరికా షేర్ ట్రేడింగ్ కంపెనీ కథ ఉంది. 2012 ఆగస్టు 1న కొత్త కోడ్‌ని ఎనిమిది సర్వర్లలో ఒకదానికి ఎక్కించడం మర్చిపోయారు. ఆ ఒక్క సర్వర్లో పాత కోడ్ లేచి ఇష్టం వచ్చినట్టు షేర్లు కొంది. 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకి పైగా నష్టం. ఎక్కించినవాడి పనిని రెండో మనిషి సరిచూసే ఏర్పాటు లేదని తర్వాత అక్కడి షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ ఉత్తర్వులో రాశారు.

అది సరే, ఇంతమందిమి మాట్లాడాం గానీ లేట్_లంచ్ పీఆర్‌లో ఏముందో ఎవరూ అడగలేదు. బాబూ, పొద్దున ఏడు గంటల స్లాట్ ఒక్కటే మిగిలింది అనుకో. ఫాస్టింగ్ టెస్టులకి అందరికీ అదే కావాలి. ఇద్దరు ఒకేసారి నొక్కితే నీ కోడ్ ఏం చేస్తుంది?

లేట్_లంచ్
ముందు ఆ స్లాట్‌కి బుకింగ్ ఉందా అని సెలెక్ట్ (డేటాబేస్‌లో వెతకడం), లేకపోతే ఇన్సర్ట్ (కొత్త వరుస రాయడం). ఇన్సర్ట్‌కి ముందు మళ్లీ ఒకసారి చెక్ కూడా పెట్టాం. రెండూ ఒకే ట్రాన్సాక్షన్‌లో (అయితే అన్నీ అవుతాయి, లేకపోతే ఏదీ కాదు). పాత కోడ్ కూడా ఇంతే, నేను దాన్నే కొత్త ఫైళ్లలోకి మార్చాను.

డీబీ_తాత
ట్రాన్సాక్షన్‌లో ఉన్నా చాలదు. పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్‌గా రీడ్ కమిటెడ్‌లో ఉంటుంది, అంటే ఇంకొకరు రాసింది కమిట్ (ఖాయం) అయ్యాకే నీకు కనిపిస్తుంది. మొదటివాడు ఇన్సర్ట్ చేసి ఇంకా కమిట్ చేయకముందే రెండోవాడు సెలెక్ట్ చేస్తే వాడికి స్లాట్ ఖాళీగానే కనిపిస్తుంది. వాడూ ఇన్సర్ట్ చేస్తాడు. ఇద్దరికీ "మీ బుకింగ్ ఖాయం" అని మెసేజ్. నువ్వు ఎన్నిసార్లు చెక్ పెట్టినా ఆ సందు పోదు. డేటాబేస్‌కే చెప్పాలి: సెంటర్, తేదీ, స్లాట్ మూడింటి మీద యూనిక్ ఇండెక్స్ (ఒకే కలయిక రెండోసారి రాకుండా ఆపేది). రద్దయిన బుకింగులు అడ్డు రాకుండా, రద్దు కానివాటికే వర్తించేలా కండిషన్ పెట్టొచ్చు, పోస్ట్‌గ్రెస్‌లో ఆ వీలుంది. రెండో ఇన్సర్ట్‌కి ఎర్రర్ వస్తుంది, దాన్ని పట్టుకుని "ఇప్పుడే ఎవరో తీసుకున్నారు, ఇంకోటి ఎంచుకోండి" అని చూపించు.

ఆన్‌కాల్_బాధితుడు
ముప్ఫై కామెంట్లలో ఇది లేదు!

క్యూఏ_అక్క
ఒక్కదాన్నే కూర్చుని నొక్కితే నాకు కూడా దొరకదు ఇది. ఒప్పుకుంటాను.

మియాపూర్_టు_రాయదుర్గం
లేట్_లంచ్, నీ పీఆర్‌ని విడగొట్టు. పాత ఫైళ్లు కొత్త చోటికి మార్చడం ఒకటి, అందులో ప్రవర్తన ఏమీ మారదు, చూసేవాళ్లు కళ్లు మూసుకుని అప్రూవ్ చేయొచ్చు. డేటాబేస్ టేబుళ్లని మార్చే మైగ్రేషన్ ఒకటి. బుకింగ్ లాజిక్ ఒకటి. స్క్రీన్లు ఒకటి. రివ్యూ అడిగేటప్పుడు ఏది మారింది, ఎక్కడ నీకే అనుమానంగా ఉంది అని పైన నాలుగు లైన్లు రాయి. అనుమానం ఉన్న చోటు నువ్వే చూపిస్తే మీ లీడ్ నేరుగా అక్కడికే వెళ్తాడు. నేను అమీర్‌పేటలో రైలు మారేలోపు ఒక చిన్న పీఆర్ ఫోన్‌లోనే చూసేస్తాను. 1,400 లైన్లయితే ఇంటికెళ్లాక చూద్దాం అనుకుంటాను. ఇంటికెళ్లాక ఎవడు చూస్తాడు?

సెమీకోలన్
విడగొట్టడం అనేంత తేలిక కాదు. నాలుగు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటే కిందది మారినప్పుడల్లా పైవన్నీ రీబేస్ చేసుకుంటూ (మారిన కోడ్ మీదికి మళ్లీ ఎక్కించుకుంటూ) చావాలి.

మియాపూర్_టు_రాయదుర్గం
నిజమే. అయినా వారం ఊరికే కూర్చోవడం కంటే నయం.

లేట్_లంచ్
అప్‌డేట్. నాలుగుగా విడగొట్టాను. ఫైళ్లు మార్చింది మధ్యాహ్నానికే అప్రూవ్ అయింది. లాజిక్ దాంట్లో ఈసారి లీడ్ గారు నిజంగా పనికొచ్చేది అడిగారు: డబ్బు కట్ అయ్యాక స్లాట్ ఇన్సర్ట్ ఫెయిలైతే రీఫండ్ ఎవరు చేస్తారు అని. దాంతో క్రమం తిరగేశాం. ముందు స్లాట్ పది నిమిషాలు పట్టి ఉంచడం, తర్వాత పేమెంట్.

చిక్కు మైగ్రేషన్‌తో వచ్చింది. టేబుల్ లాక్ అవకుండా కంకరెంట్‌లీ అన్న ఆప్షన్ పెట్టి ప్రొడక్షన్‌లో యూనిక్ ఇండెక్స్ వేస్తే ఫెయిలైంది. డూప్లికేట్ కీ అంటోంది. మళ్లీ నడిపితే ఆ పేరుతో ఇండెక్స్ ఇప్పటికే ఉందంటోంది.

డీబీ_తాత
కంకరెంట్‌లీ మధ్యలో ఆగితే చెల్లని ఇండెక్స్‌ని అలాగే వదిలేస్తుంది. ముందు దాన్ని డ్రాప్ చెయ్యి, అది ఉన్నంతసేపు ఊరికే భారం. తర్వాత సెంటర్, తేదీ, స్లాట్ మీద గ్రూప్ బై చేసి ఒకటి కంటే ఎక్కువ ఉన్నవి తీసి చూడు. పాత కోడ్‌లోనూ అదే సందు ఉందన్నావుగా, అంటే నిజంగానే ఇద్దరికి ఒకే స్లాట్ ఇచ్చారన్నమాట. అడగకుండా ఒక్క వరుస కూడా డిలీట్ చేయకు.

క్యూఏ_అక్క
అన్ని డబుల్ బుకింగులు ఉంటే సెంటర్ నుంచి ఇన్నాళ్లూ ఒక్క కంప్లయింట్ కూడా రాలేదా? రిసెప్షన్‌లో ఎవరినైనా అడుగు.

లేట్_లంచ్
ఫోన్ చేశాను. అక్కడి మేడమ్‌కి ఇది ఎప్పటి నుంచో తెలుసు. ఒకే టైమ్‌కి ఇద్దరు వస్తే రెండో వాళ్లని 7:10కి అని పుస్తకంలో రాసుకుని కూర్చోబెడుతుందట. రక్తం తీసేవాళ్లు ఏడింటికి ఇద్దరు ఉంటారట, సమస్యే లేదట. పైగా ఇప్పుడు ఆపేస్తారా అని కంగారు పడింది, పొద్దున పూట డాక్టర్లు పంపేవాళ్లకి ఆ రెండో చోటే ఇస్తోందట.

ఆన్‌కాల్_బాధితుడు
ఇది ఏ రివ్యూలో దొరుకుతుంది చెప్పండి 😂

డీబీ_తాత
అయితే స్లాట్‌కి ఒక్కరే అనేది మన ఊహ. యూనిక్ ఇండెక్స్‌లో రక్తం తీసే కుర్చీ నంబర్ కూడా కలుపు: సెంటర్, తేదీ, స్లాట్, కుర్చీ. ఏ గంటకి ఎన్ని కుర్చీలో సెంటర్ వాళ్లే పెట్టుకునేలా చిన్న టేబుల్. పాత డూప్లికేట్లకి ఒకటి, రెండు అని నంబర్లు ఇచ్చేస్తే ఏదీ డిలీట్ చేయక్కర్లేదు. ముగ్గురున్న చోట మాత్రం ఆగి చూడు.

లేట్_లంచ్
ముగ్గురున్నవి కొన్ని ఉన్నాయి, అన్నీ సోమవారాలే. మేడమ్‌ని అడిగి లిస్టు తీసుకుంటున్నాను. రిలీజ్ మంగళవారానికి జరిపారు. కుర్చీల టేబుల్ వేరే పీఆర్‌గా పెడతాను, ఎనభై లైన్లు కూడా రాదు.